ఇరవయ్యేళ్ళ తర్వాత అదే నిక్కరు

మొన్న లంచ్ దగ్గర వాదన. బాక్సింగ్‌లో అన్నిటికన్నా గొప్ప గెలుపు ఏదంటే మా టీములో అందరిదీ ఒకటే మాట.. 1974, కిన్షాసా, అలీ. నేను కాదన్నందుకు పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు :)

ఆ గెలుపుని తక్కువ చెయ్యట్లేదు. అప్పటి జార్జ్ ఫోర్మన్ మామూలోడు కాదు. అంతవరకూ అలీని ఓడించింది ఇద్దరే - జో ఫ్రేజియర్, కెన్ నార్టన్. ఆ ఇద్దర్నీ ఫోర్మన్ రెండేసి రౌండ్లలో ముగించాడు. కింగ్‌స్టన్‌లో (1973) ఫ్రేజియర్ ఆరుసార్లు కిందపడ్డాడు. అలాంటివాణ్ణి 32 ఏళ్ళ అలీ తాళ్ళకి ఆనుకుని, దెబ్బలు కాచుకుంటూ, వాడి చేతులు అలిసిపోయేదాకా ఆగి ఎనిమిదో రౌండులో పడేశాడు. అంటే ఆ గెలుపుని గొప్పది చేసింది ఫోర్మనే. 1988లో టైసన్ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడేశాడు. చూడ్డానికి భలే ఉంటుంది, చెప్పుకోడానికి ఏముంది?

ఇక నా ఓటు. కిన్షాసా ఓటమి ఫోర్మన్‌ని చాన్నాళ్ళు వదల్లేదు. నీళ్ళలో ఏదో కలిపారన్నాడు, తాళ్ళు వదులన్నాడు. 1977లో జిమ్మీ యంగ్ చేతిలో ఓడాక అన్నీ మానేసి హ్యూస్టన్‌లో పాస్టరయ్యాడు. పిల్లలకోసం పెట్టిన యూత్ సెంటరుకి డబ్బు చాలక 1987లో మళ్ళీ గ్లవ్స్ తొడిగాడు. గుండు, బానపొట్ట.. జనం నవ్వుకున్నారు. హోలీఫీల్డ్ (1991), మోరిసన్ (1993) చేతుల్లో ఓడాడు కూడా.

1994 నవంబరు 5, లాస్ వేగాస్. (నేను పుట్టకముందు సంగతే అనుకోండి.) అవతల 26 ఏళ్ళ మైకేల్ మూరర్, 35 పోటీల్లో ఓటమి ఎరగడు. ఫోర్మన్‌కి 45. వేసుకొచ్చింది కిన్షాసా నాటి ఎర్ర నిక్కరు! ఎలా పట్టిందో మరి. అతని తరఫున మూలన నిలబడ్డది ఎవరనుకున్నారు? ఆంజెలో డండీ, 1974లో అలీ ట్రైనరు.

తొమ్మిది రౌండ్లు తన్నులు తిన్నాడు. ముగ్గురు జడ్జీల లెక్కల్లోనూ వెనకే. పదో రౌండులో పొట్టిగా ఒక్క కుడిచేతి దెబ్బ, అంతే. మూరర్ లెక్కలోపు లేవలేకపోయాడు. ఫోర్మన్ మూలకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాడు.

2025 మార్చిలో ఫోర్మన్ పోయినప్పుడు ఆ వీడియో మళ్ళీ చూశా. మావాళ్ళ అభ్యంతరం ఒకటే, "మూరర్ అలీ కాదుగా?" అని. నిజమే. ఆ రోజు కొట్లాట మూరర్‌తో మాత్రమే అయ్యుంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి. ఆ నిక్కరు చూస్తే నాకలా అనిపించట్లేదు.