నెయిల్ పాలిష్ పూసిన కంప్యూటర్

మొన్న మావాడు ఓ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. పెళ్ళి సామాన్ల జాబితాలా ఉందది. ప్రాసెసర్ ఇంత, మదర్‌బోర్డు ఇంత, గ్రాఫిక్స్ కార్డు ఇంత అంటూ మొత్తం 60 వేలకి తేల్చాడు. ఆటలాడుకునే కంప్యూటర్ విడిభాగాలు కొని తనే బిగించుకుంటాడట!

నేను బి.ఏ. చదివినదాన్ని, ఇవన్నీ నాకేం తెలుస్తాయని వాడి ధీమా. వాడికి తెలియనిదేమిటంటే, ఇలాంటి కాగితం నేను 1999లోనే చూశాను. అది మా తమ్ముడిది.

అసలు కంప్యూటర్ని కూరగాయల్లా ఏరి కొనుక్కోవడం ఎప్పుడు మొదలైందంటారా? 1981 ఆగస్టులో అమెరికాలో ఐ.బి.ఎం. వాళ్ళు తమ పీసీని విడుదల చేశారు. ఏడాదిలో తయారవ్వాలన్న తొందరలో అన్నీ సొంతంగా చేసుకోకుండా బయటివాళ్ళ దగ్గర తీసుకున్నారు. ప్రాసెసర్ ఇంటెల్‌ది, నడిపించే సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్‌ది. లోపల ఖాళీ స్లాట్లు పెట్టి, ఎవరైనా కార్డులు తయారుచేసి అమ్ముకోవచ్చని వివరాలన్నీ పుస్తకంగా అచ్చువేశారు. తమదంటూ మిగుల్చుకున్నది ముఖ్యంగా బయోస్ అనే చిన్న ప్రోగ్రాము. కాంపాక్ కంపెనీ దాన్ని కాపీ కొట్టకుండా, అదే పని చేసేలా కొత్తగా రాయించుకుని 1983లో తన కంప్యూటర్లు అమ్మడం మొదలుపెట్టింది. అంతే, గట్టు తెగింది. తరవాత 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు ప్రకటించింది. దాంతో ఒకరి బోర్డు మరొకరి పెట్టెలో మరచీలలతో సహా సరిగ్గా అమరడం మొదలైంది.

ఇక మా తమ్ముడి సంగతి. అప్పుడు వరంగల్‌లో ఉండేవాళ్ళం. నాన్నగారు పి.ఎఫ్. మీద లోను తీసి వాడి చేతికిచ్చారు, చదువు కోసమని. వాడు మాత్రం ఆ డబ్బుతో ఆటలు కూడా ఆడాలని లెక్కలు వేశాడు. అప్పట్లో ఆటలంటే త్రీడీఎఫ్ఎక్స్ వాళ్ళ వూడూ కార్డు. 1996లో వచ్చిన ఆ కార్డు త్రీడీ బొమ్మలు గీయడం తప్ప ఇంకేమీ చేయదు. మామూలు బొమ్మలకి పక్కన వేరే కార్డు ఉండాల్సిందే. దానికి డబ్బు మిగలాలంటే ప్రాసెసర్‌లో తగ్గించుకోవాలి.

వాడు ఎంచుకున్నది సెలెరాన్ 300ఏ. దీని కథ చెప్పితీరాలి. 1998లో ఇంటెల్ చవకరకంగా తెచ్చిన మొదటి సెలెరాన్‌ను అందరూ తిట్టిపోశారు, క్యాష్ మెమరీలో ముఖ్యమైన భాగం తీసేశారని. క్యాష్ అంటే పొయ్యి పక్కనుండే పోపులపెట్టె అనుకోండి. అది లేకపోతే ప్రతి ఆవగింజకీ సామాన్ల గదికి పరుగెత్తాలి. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన 300ఏలో చిన్న పోపులపెట్టె పెట్టారు. ఖరీదైన పెంటియం టూ పెట్టె నాలుగింతలు పెద్దది గాని, సగం వేగంతోనే అందేది. దీనిది చిన్నదైనా చెయ్యి చాపితే చాలు, పూర్తి వేగంతో అందేది. పైగా బోర్డు వేగం 66 నుంచి 100కి పెంచితే 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ కాస్తా 450 అయిపోయేది. ఆటల్లో పెంటియం టూ 450కి దాదాపు సాటివచ్చేది. అమెరికాలో దాని ధర 669 డాలర్లయితే, దీని ధర 149!

కాకపోతే కొన్ని బోర్డుల్ని మోసం చేయాలి. ప్రాసెసర్ అంచున బి21 అనే ఒక్క పిన్నుని కప్పేస్తే బోర్డు దాన్ని 100 రకమనుకుంటుంది.

ఓ మధ్యాహ్నం తమ్ముడు మెల్లిగా నా గదిలోకొచ్చి, "అక్కా, నీ నెయిల్ పాలిష్ ఇస్తావా?" అన్నాడు.

"ఎవరికిరా?" అన్నాను అనుమానంగా.

విషయం చెప్పాడు. నా గుండె జారిపోయింది. మాడిపోతే షాపువాడు వెనక్కి తీసుకోడు. నాన్నగారి లోను నెలనెలా కోతపడుతూనే ఉంటుంది. వద్దన్నాను. మళ్ళీ వాడి మొహం చూసి ఎర్ర సీసా తీసిచ్చాను. చెయ్యి వణికిపోతోందంటే చివరికి ఆ చుక్క పెట్టింది కూడా నేనే! అది ఆరేదాకా ఇద్దరం కూర్చుని విసనకర్రతో విసిరాం. స్విచ్చి వేశాక తెర మీద 450 కనపడింది.

సాయంత్రం నాన్నగారు పెట్టె చూసి, "చవకరకం తెచ్చావేమిట్రా?" అని నొచ్చుకున్నారు. తమ్ముడు తల వంచుకున్నాడు. నేను వంటింట్లోకి పారిపోయాను. తరవాత రిటైర్మెంటు కాగితాలన్నీ ఆయన దాని మీదే టైపు చేసుకున్నారు. పాలిష్ సంగతి ఆయనకు చివరిదాకా తెలియదు.

మావాడి కాగితం మళ్ళీ చూశాను. గ్రాఫిక్స్ కార్డుకే పెద్ద వాటా వేశాడు. అది బాగానే ఉంది. రంగురంగుల దీపాలున్న పెట్టెకి ఆరు వేలు, పేరూ ఊరూ లేని పవర్ సప్లైకి తొమ్మిది వందలు. అన్నింటికీ కరెంటు పెట్టేది అదే, అది పాడైతే మిగతావాటినీ వెంట తీసుకుపోవచ్చు. రెండింటినీ కొట్టేసి, దీపాల్లేని పెట్టె, మంచి పవర్ సప్లై అని రాసిచ్చాను.

"అమ్మా, ఇవన్నీ నీకెలా తెలుసు?" అన్నాడు నోరు తెరిచి.

"మీ మావయ్యకి ఫోన్ చెయ్యి" అన్నాను.