తూటాలో మిగిలిన ఖాళీ

రైఫిల్ తూటా నాలుగు భాగాల కూర్పు: ముందు గుండు, అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్ అనే చిన్న బిళ్ళ, నడుమ మందు, ఈ మూడింటినీ కలిపి పట్టి ఉంచే ఇత్తడి తొడుగు. ఒకసారి పేలిన తొడుగును సరిచేసి, కొత్త ప్రైమర్ బిగించి, మందును తామే తూచి నింపుకునే అలవాటు పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో అమెరికా షూటర్లలో స్థిరపడింది. ఈ పనితనానికి గీటురాయి గుండు వేగం ఒక తూటాకూ మరొక తూటాకూ మధ్య ఎంత తక్కువగా మారుతుందన్నదే. ఆ నిలకడ మందు బరువు మీదనే కాక, అది తొడుగులో ఎంత చోటు ఆక్రమించి ఎంత చోటు ఖాళీగా వదిలిందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. అయితే ఆ ఖాళీ తూటాతో పాటే పుట్టినది కాదు. మందు మారినా తొడుగు మారకపోవడం వల్ల మధ్యలో వచ్చి చేరినది.

సురేకారం, బొగ్గు, గంధకం సుమారు 75, 15, 10 పాళ్ళలో కలిపి చేసిన పాత తుపాకి మందు రాజ్యమేలిన కాలంలో ఖాళీకి తావే లేదు. మూతి వైపు నుంచి మందు పోసి, పైన గుండు పెట్టి దట్టించే తుపాకుల్లో మందుకూ గుండుకూ మధ్య ఎడం మిగిలితే గొట్టమే పగలవచ్చునన్న సంగతి వాడకందారులందరికీ తెలుసు. గుండు వేగాన్ని నమ్మదగిన రీతిలో కొలిచే ఉపాయం మాత్రం 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్ల గణితజ్ఞుడు ప్రకటించిన గ్రంథంతో ప్రచారంలోకి వచ్చింది. వేలాడే బరువైన దిమ్మలోకి గుండును పేల్చి, దిమ్మ ఎంత దూరం ఊగిందో చూసి వేగాన్ని లెక్కగట్టడం ఆయన పద్ధతి. ఆయన ఆ తరువాత ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేయడానికి కోరమండల్ తీరానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు.

అమెరికా సైన్యం 1873లో స్వీకరించిన .45-70 తూటా పేరులోనే మందు కొలత ఉంది. మొదటి సంఖ్య గుండు వ్యాసాన్ని అంగుళంలో వందో వంతుల్లో, రెండవది మందును గ్రెయిన్లలో చెబుతుంది. 70 గ్రెయిన్లు దాదాపు నాలుగున్నర గ్రాములు. ఆ మందుతో తొడుగు నిండుగా ఉండేది. ఆశ్వికుల పొట్టి తుపాకికి అదే తొడుగులో 55 గ్రెయిన్లే నింపవలసి వచ్చినప్పుడు, మిగిలిన చోటును అట్టతో పూరించారు. 1874లో న్యూయార్క్ సమీపంలోని క్రీడ్‌మూర్ మైదానంలో 800, 900, 1000 గజాల దూరాల్లో జరిగిన పోటీలో, వెనుక నుంచి తూటా పెట్టే రైఫిళ్ళతో అమెరికన్లు, మూతి నుంచి దట్టించే రైఫిళ్ళతో వచ్చిన ఐరిష్ జట్టును 934-931 పాయింట్లతో ఓడించారు. దీన్ని కొత్త తూటా విజయంగా చెప్పుకోవడం పరిపాటి అయినా, ఐరిష్ షూటర్లలో ఒకరు పొరపాటున పక్కవారి లక్ష్యాన్ని కొట్టకుండా ఉంటే ఆ మూడు పాయింట్లు ఎటు పోయేవో ఊహించడం కష్టం కాదు. ఏమైనా, వెయ్యి గజాల దూరంలో వేగంలో స్వల్ప తేడా కూడా గుండును అంగుళాల లెక్కన పైకో కిందికో తప్పిస్తుంది గనుక, మందును పొడవాటి సన్నని గొట్టం గుండా నెమ్మదిగా జారవిడిచి, గింజలు దగ్గరగా సర్దుకునేలా నింపడం షూటర్లు పాటించిన మెళకువల్లో ఒకటైంది.

ఈ స్థితిని తలకిందులు చేసినది 1884లో ఫ్రాన్సులో పాల్ వీయే రూపొందించిన పొగలేని మందు. అది తక్కువ బరువుతో ఎక్కువ శక్తినిచ్చింది. ఆ మేరకు తక్కువ చోటు పట్టింది. బ్రిటిష్ సైన్యం 1888లో తెచ్చిన .303 తూటాలో మొదట సుమారు 70 గ్రెయిన్ల పాత మందును గట్టిగా అదిమి పెట్టేవారు. 1890ల ఆరంభంలో దాని స్థానంలో కార్డైట్ అనే కొత్త మందు రాగా, అందులో సగం కన్నా తక్కువ బరువే సరిపోయింది. తొడుగు మాత్రం అదే. ఈ చిక్కుకు బ్రిటిష్ వారు చూపిన పరిష్కారం మెచ్చుకోదగినది. కార్డైట్‌ను గింజలుగా కాక సన్నని పుల్లలుగా తీసి, కట్టగా చేర్చి తొడుగులో నిలువునా పెట్టి, పైన అట్టబిళ్ళ వేశారు. పుల్లలు తొడుగు పొడవునా ఉండటం వల్ల రైఫిల్‌ను ఎటు వంచినా మందు ఒక కొసకు జారిపోయే వీలు తగ్గింది. అయితే తొడుగు మెడ ఇరుకు కావడంతో కట్ట లోపలికి దూరదు; అందుకని ముందు కార్డైట్ పెట్టి, ఆ తరువాతే తొడుగును నొక్కి మెడ తీర్చేవారు. కార్ఖానాలో యంత్రం చేయగల ఈ పని ఇంట్లో తూటాలు నింపుకునేవారికి అందేది కాదు.

వారి ఇబ్బంది వేరు. గింజల రూపంలోని కొత్త మందును పాత పెద్ద తొడుగులో కొద్దిగా పోస్తే, రైఫిల్ అడ్డంగా ఉన్నప్పుడు అది అడుగున పరచుకుంటుంది. మూతి దించి ఎత్తితే గుండు వైపుకూ, ఎత్తి దించితే ప్రైమర్ వైపుకూ చేరుతుంది. పొగలేని మందు మండే వడి ఒత్తిడితో పాటు పెరుగుతుంది కాబట్టి, ప్రైమర్ మంట మొదటి క్షణంలో ఎంత మందును తాకి ఎంత ఒత్తిడి పుట్టించిందన్నది తరువాతి దహనాన్నంతా ప్రభావితం చేస్తుంది. ఒకే బరువు మందు ప్రైమర్ దగ్గర ఉన్నప్పుడు ఎక్కువ వేగాన్నీ, గుండు దగ్గర ఉన్నప్పుడు తక్కువ వేగాన్నీ ఇవ్వడం తరచుగా కనిపిస్తుంది. పరీక్షశాలల్లో కాల్చే ముందు తూటాను నిర్ణీత రీతిలో వంచి మందును ఒకే చోటికి చేర్చే నియమం ఏర్పడటానికి కారణం ఇదే. వేగం తగ్గడం కన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది: సగం కన్నా ఎక్కువ ఖాళీగా ఉండే తొడుగులో పొరపాటున రెండుసార్లు మందు పోసినా అది పొర్లిపోదు, పేలేదాకా తప్పు తెలియదు.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, సైన్యం .30-06 తూటాల్లో వాడిన 4895 అనే మందు నిల్వలు మిగిలిపోగా, కాన్సాస్‌కు చెందిన బ్రూస్ హాజ్డన్ వాటిని కొని షూటర్లకు అమ్మడంతో స్వయంగా నింపుకునే అలవాటు విస్తరించింది. వేగాన్ని కొలిచే ఎలక్ట్రానిక్ పరికరాలు సామాన్యులకు అందుబాటులోకి వచ్చాక, తొడుగును దాదాపు నింపే మందును ఎంచుకోవాలన్న పాత సలహాను ఎవరికి వారే పరీక్షించుకోగలిగారు. నిండుదనం ఒక్కటే చాలదనీ వారికి బోధపడింది. తొడుగుల లోపలి పరిమాణం, ప్రైమర్, గుండును మెడ పట్టి ఉంచే బిగువు సమంగా లేకపోతే నిండు తొడుగు కూడా నిలకడ ఇవ్వదు.

పాత .45-70 వంటి తూటాలను తక్కువ వేగంతో కాల్చేవారి కోసం ఈ శతాబ్దంలో ట్రయిల్ బాస్ అనే మందు వచ్చింది. తక్కువ బరువుతోనే పెద్ద తొడుగు నిండేలా దాని గింజలను నడుమ రంధ్రం ఉండే చిన్న ఉంగరాలుగా తీర్చారు. పాత మందును అదమకుండా వదలరాదు. ఈ ఉంగరాల మందును మాత్రం గుండుతో అదమనే కూడదని తయారీదారులు ప్రత్యేకంగా హెచ్చరించారు.