కాలపరీక్షయు చిత్రశాలయు : ‘ఒలింపియా’ చరిత్ర

ప్రాచీనము, ఆధునికము అను విభాగము సాహిత్యవిమర్శకు ఎంత పరిచితమో చిత్రకళావిమర్శకును అంత పరిచితము. కర్త జీవించియున్నప్పుడు దక్కని గౌరవము అతని యనంతరము కృతికి దక్కుటయు, దక్కిన గౌరవము కొలదికాలమునకే క్షీణించుటయు రెండు కళల చరిత్రలందును తరచుగా కాననగును. దీనిని మనము కాలపరీక్ష అని వ్యవహరించుచున్నాము. ప్రాతదగుట గుణము కాదనియు, క్రొత్తదగుట దోషము కాదనియు, పరీక్షించి గ్రహించుటే వివేకుల లక్షణమనియు కాళిదాసు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనయందే సూచించియున్నాడు. అయితే పరీక్షించుటకు ముందు కృతి కంటికి కనబడవలెను గదా. గ్రంథమునకు ప్రతులు పెక్కులుండును. ఒకచోట నశించినను వేరొకచోట నిలుచును. చిత్రము ఒక్కటే. దానిని ఎక్కడ, దేని ప్రక్కన వ్రేలాడదీసిరో అదియే దాని స్థానము. కావున కాలపరీక్ష యనునది నిజముగా ఎవరు, ఎట్లు జరుపుచున్నారో తెలిసికొనుటకు చిత్రప్రదర్శనముల చరిత్ర మిక్కిలి ఉపకరించును.

ఈ విషయమునకు పారిస్ నగరము తగిన ఉదాహరణము. అచ్చట కాలపరీక్ష ఊహామాత్రము కాక ప్రభుత్వసంస్థల ఏర్పాటుగానే నెలకొనియుండెను. ఎడ్వార్డ్ మానే రచించిన ‘ఒలింపియా’ అను చిత్రము ఆ సంస్థలనన్నిటిని దాటివచ్చినది. దాని ప్రయాణమును అనుసరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. సలోన్, లుక్సంబూర్, లూవ్ర్

ఫ్రెంచి చిత్రకళాపరిషత్తు తన సభ్యుల కృతులను ప్రజలకు చూపుట 1667లో ఆరంభించెను. 1737 మొదలుకొని ఆ ప్రదర్శనము లూవ్ర్ రాజభవనమునందలి చతురస్రమందిరమున క్రమముగా జరుగుచువచ్చినది. ఫ్రెంచి భాషలో మందిరమునకు ‘సలోన్’ అని పేరగుటచే ప్రదర్శనమునకే ఆ పేరు రూఢమైనది. 1748లో ఎంపికసంఘమొకటి ఏర్పడెను. అనంతరకాలమున చిత్రకారుని జీవనోపాధి ఆ సంఘమువారి నిర్ణయముపై ఆధారపడియుండెను. ప్రదర్శనమునకు అంగీకరింపబడని చిత్రమును కొనువారు అరుదు.

విప్లవకాలమున, 1793లో, లూవ్ర్ ప్రజల చిత్రశాలగా తెరువబడెను. అది గతించిన మహాకళాకారులకు నిలయము. జీవించియున్నవారి కృతులకై 1818లో పదునెనిమిదవ లూయీ లుక్సంబూర్ భవనమున వేరొక చిత్రశాలను నెలకొల్పెను. కళాకారుడు మరణించిన సుమారు పది సంవత్సరములకు అతని కృతులు యోగ్యములని తోచినచో లూవ్ర్ చేరును. కానిచో మండలములందలి చిత్రశాలలకో, ప్రభుత్వకార్యాలయములకో పంపబడును. ఇట్లు సలోన్ నుండి లుక్సంబూర్‌నకును, లుక్సంబూర్ నుండి లూవ్ర్‌నకును మూడు మెట్ల సోపానము ఏర్పడినది. మొదటి మెట్టు ఎక్కనీయనివారికి కాలపరీక్ష కూర్చుండు అవకాశమే లేదు.

2. 1863, 1865

1863 సలోన్‌నకు వచ్చిన కృతులు 5,000 పైబడినవి. ఎంపికసంఘము వానిలో ఇంచుమించు మూడింట రెండు వంతులను త్రోసివైచెను. చిత్రకారుల అలజడి చక్రవర్తి మూడవ నెపోలియన్ చెవినిబడగా, నిరాకృతములైన చిత్రములను సైతము పరిశ్రమల భవనమునందే వేరొక భాగమున ప్రదర్శింపవలెనని ఆతడు ఆజ్ఞాపించెను. ‘నిరాకృతుల సలోన్’ అని ప్రసిద్ధికెక్కినది ఇదియే. మానే రచించిన మూడు చిత్రములు అందుండెను. వానిలో నేడు ‘పచ్చికమీది భోజనము’ అని వ్యవహరింపబడు చిత్రము పరిహాసమునకు గురియైనది. ఆ సంవత్సరమే అంగీకృతచిత్రములలో కబనెల్ రచించిన ‘వీనస్ జననము’ ఉండెను. నగ్నమైన దేవత సముద్రతరంగములపై శయనించినట్లు అందు చిత్రితము. దానిని చక్రవర్తి స్వయముగా కొనెను. కావున ప్రజలకు కష్టము కలిగించినది నగ్నత్వము కాదని స్పష్టము. దేవతలకు చెల్లినది పారిస్ పౌరురాలికి చెల్లలేదు.

మానే ఆ సంవత్సరముననే ‘ఒలింపియా’ను రచించెను. 1865లో ఎంపికసంఘము దానిని అంగీకరించినది. యౌవనదశయందు మానే ఫ్లారెన్స్ నగరమున టిషియన్ రచించిన ‘ఉర్బీనో వీనస్’ (1538)కు ప్రతి వ్రాసియుండెను. ‘ఒలింపియా’ విన్యాసము ఆ చిత్రమునుండియే గ్రహింపబడినది. శయ్యపై పరుండిన స్త్రీ, ఆమె హస్తము, వెనుక పరిచారిక, పాదములకడ జంతువు—అన్నియు ప్రాచీనములే. అయితే టిషియన్ చిత్రమున నిదురించు కుక్క ఉండగా మానే చిత్రమున వెన్ను నిక్కించిన నల్లపిల్లి ఉన్నది. వీనస్ చూపు మృదువైనది. ఒలింపియా చూపు ప్రేక్షకుని నిలువదీయునట్టిది. వర్ణములందలి క్రమవికాసమును విడిచి, వెలుగును నలుపును ఒకదానినొకటి ఒరసికొనునట్లు మానే నిలిపెను. శాస్త్రీయమైన మూసయందు సమకాలీనజీవనమును పోసిన రచన ఇది. సంప్రదాయము తెలియనివాడు దీనిని వ్రాయజాలడు.

జనులు గుంపులుగా వచ్చి నవ్విరి, దూషించిరి. చిత్రమునకు హాని కలుగునను భయముచే కావలివారిని నిలుపవలసివచ్చెను. తుదకు దానిని ఒక ద్వారముపైన, కన్నులకు సరిగా అందనంత ఎత్తున వ్రేలాడదీసిరి. ప్రదర్శింపబడియు కనబడకుండుట ఎట్టిదో దీనివలన తెలియగలదు.

3. జోలా విశ్వాసము, మోనే ప్రయత్నము

1867లో పారిస్‌నందు జరిగిన సర్వదేశప్రదర్శనసమయమున మానే స్వంతవ్యయముతో ఆల్మా వంతెనకడ మండపము కట్టించి ‘ఒలింపియా’తోకూడ సుమారు ఏబది కృతులను చూపెను. నవలాకారుడైన ఎమీల్ జోలా అతని పక్షమున వ్రాసి, మానేకు లూవ్ర్‌నందు స్థానము నిశ్చయమని ప్రకటించెను. 1874లో మోనే, దెగా, పిసారో మొదలగువారు సలోన్‌ను విడిచి స్వతంత్రప్రదర్శనము జరిపినప్పుడు మానే వారితో చేరలేదు. యుద్ధము జరుగవలసిన స్థలము సలోనే యని ఆతని మతము.

మానే 1883 ఏప్రిల్ 30న మరణించెను. మరుసటి సంవత్సరము లలితకళావిద్యాలయముననే అతని స్మారకప్రదర్శనము జరిగినది. పిమ్మట జరిగిన విక్రయమున ‘ఒలింపియా’ను కుటుంబమువారే తిరిగి నిలుపుకొనవలసివచ్చెను. 1889 సర్వదేశప్రదర్శనమున దానిని చూచిన ఒక అమెరికను కొనబోవుచున్నాడను వార్త పుట్టగా, చిత్రము దేశము దాటిపోకుండ క్లోద్ మోనే చందాలు వసూలు చేయుటకు పూనుకొనెను. శిల్పి రోదాన్, కవి మలార్మే మొదలగువారు అందు చేరిరి. ఇంచుమించు 20,000 ఫ్రాంకులు సమకూడెను.

ఈ చందాలో చేరుటకు జోలా నిరాకరించెను. మానే లూవ్ర్ చేరవలసినదే. కాని జాతి పూర్ణముగా గుర్తించి చేర్చుకొనవలెను. మిత్రులు బహుమానరూపమున ప్రవేశపెట్టరాదని ఆతని వాదము. మానేను సమర్థించినవాడు ఇట్లనుట ఆశ్చర్యకరముగా తోచును. వాదము అయుక్తము కాదు. జోలా కాలమును నమ్మెను. మోనే మాత్రము కాలమునకు సాక్ష్యము చేతికందింపవలెనని గ్రహించెను. చిత్రము సముద్రము దాటి ఒక గృహస్థుని గోడపై చేరినచో జాతి దేనిని చూచి గుర్తింపగలదు? ఈ ఇరువురి అభిప్రాయభేదమునందే కాలపరీక్షనుగూర్చిన ప్రధానసమస్య ఇమిడియున్నది.

1890లో ప్రభుత్వము చిత్రమును లుక్సంబూర్‌నకు అంగీకరించినది. లూవ్ర్‌నుగూర్చి వాగ్దానమేదియు చేయలేదు. 1894లో మరణించిన చిత్రకారుడు కైబోత్ తన సంగ్రహమును జాతికి వ్రాసియిచ్చుచు, ఆ చిత్రములు అటకపాలుగాని మండలములపాలుగాని కాక మొదట లుక్సంబూర్‌నను, తరువాత లూవ్ర్‌నను ఉండవలెనని మరణశాసనమున నియమించెను. సోపానక్రమము అతనికి బాగుగా తెలియును. ప్రభుత్వము ఆ సంగ్రహములో కొంతభాగమునే గ్రహించినది. దానికిని పరిషత్తు సభ్యులు అభ్యంతరము తెలిపిరి.

మానే మరణించి పదేండ్లు గడచినను ‘ఒలింపియా’ కదలలేదు. 1906లో ప్రధానమంత్రియైన క్లెమాంసో మోనేకు మిత్రుడు. మోనే కోరికపై ఆతడు 1907లో దానిని లూవ్ర్‌నకు మార్పించెను. అచ్చట దానికి ఆంగ్ర్ రచించిన ‘మహా ఒదలీస్క్’ సాహచర్యము లభించినది. పది సంవత్సరముల గడువు ఇరువదినాలుగైనది. అదియును మంత్రియాజ్ఞచే ముగిసినది. దీనినంతటిని ఒక్క మాటలో కాలపరీక్ష యనుట ఎంతవరకు సమంజసమో పాఠకులు ఆలోచింపగలరు.

4. చిత్రమునందుండియు చూడబడనివారు

‘ఒలింపియా’ 1947లో ఇంప్రెషనిస్టు చిత్రములకై ఏర్పడిన జు ద పోమ్ చిత్రశాలను, 1986లో ఆర్సే చిత్రశాలను చేరినది. పరీక్ష ముగిసినట్లే కనబడును. కాని చిత్రమునందలి ఇరువురు స్త్రీల విషయము అప్పటికిని మరుగుననే యుండెను. పరుండిన స్త్రీకి ఆదర్శముగా కూర్చున్న విక్తోరీన్ మ్యూరాన్ స్వయముగా చిత్రకారిణి. 1876లో ఎంపికసంఘము మానే పంపిన రెండు చిత్రములను త్రోసివైచి, ఆమె వ్రాసికొన్న స్వీయచిత్రమును అంగీకరించెను. ఈ సంగతి చిరకాలము ఆమెను మానేకు ఆదర్శముగానే తలచుచువచ్చినవారికి పట్టలేదు.

పుష్పగుచ్ఛము పట్టుకొన్న నల్లజాతి స్త్రీ పేరు లోర్. ఆమె పేరును, వాంతిమీల్ వీథియందలి నివాసమును మానే తన చిన్నపుస్తకమున వ్రాసికొనియుండెను. చిత్రవిస్తీర్ణమున ఆమెకు గల భాగము తక్కువది కాదు. విమర్శగ్రంథములలో ఆమెకు దక్కిన భాగము మాత్రము స్వల్పము. అమెరికా పండితురాలు డెనీస్ మరెల్ 2018లో కొలంబియా విశ్వవిద్యాలయపు వాలక్ చిత్రశాలయందు ఈ విషయమునే ప్రధానముగా గొని ప్రదర్శనము నిర్వహించెను. 2019లో ఆర్సే చిత్రశాల దానిని విస్తరించి, జెరికో కాలమునుండి మాతీస్ వరకు నల్లజాతి ఆదర్శవ్యక్తులను విషయముగా గైకొనెను. 1800లో బెన్వా అను చిత్రకారిణి రచించి, జాతినామముతోడనే వ్యవహృతమగుచుండిన చిత్తరువు అందు ‘మదలేన్ చిత్తరువు’ అయినది. చిత్రములు మారలేదు, ప్రశ్న మారినది. పూర్వకృతి క్రొత్తగా కనబడుటకు ప్రశ్న మారిన చాలును.

5. ఇటీవలి ప్రదర్శనములు

2013లో ‘ఒలింపియా’ వెనిస్ నగరమునకు వెళ్లి డోజ్ భవనమున ‘ఉర్బీనో వీనస్’ ప్రక్కన నిలిచినది. మానే అనుకరించెనో, ఎదిరించెనో, రెండును చేసెనో చూచువారు స్వయముగా నిర్ణయించుకొను అవకాశము అట్లు కలిగెను. 2023లో ‘మానే–దెగా’ ప్రదర్శనమునకై అది మొదటిసారి అట్లాంటిక్ దాటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ చిత్రశాలను చేరినది. ఏ దేశమునకు పోకుండ మోనే చందాలెత్తెనో ఆ దేశముననే అది అతిథిగా నిలిచి తిరిగివచ్చెను.

2024లో ఆర్సే చిత్రశాలయు వాషింగ్టన్ జాతీయ చిత్రశాలయు కలిసి 1874నాటి స్వతంత్రప్రదర్శనపు చిత్రములను అదే సంవత్సరపు సలోన్ చిత్రములతోపాటు చూపినవి. విజేతల కృతులను మాత్రమే చూచుటకు అలవడిన కన్నులకు ఇది మేలైన చికిత్స. ఇరుపక్షములవారి మధ్య మనము ఊహించుకొన్న గోడ అంత ఎత్తైనది కాదని దీనివలన తేలినది.

ఇక జీవించియున్నవారి మాట. 1971లో పికాసో తొంబదవ జన్మదినసందర్భమున అతని చిత్రములు కొన్ని లూవ్ర్ మహామందిరమున ప్రదర్శితములైనవి. 2019 డిసెంబరులో పియేర్ సూలాజ్ నూరవ జన్మదినమునకు లూవ్ర్ అతని నల్లని చిత్రములను చతురస్రమందిరమున నిలిపినది. అతడు 2022 వరకు జీవించెను. సలోన్‌నకు పేరిచ్చిన మందిరము అదియే.

ఇట్లు చూడగా మూడు విషయములు తేలుచున్నవి. శాశ్వతత్వము కృతియందలి గుణమాత్రము కాదు. దానిని కాపాడి చూపువారి శ్రమయును అందు కలదు. ప్రాచీనమును ఆధునికమును వేరువేరు గృహములందుంచుటకంటె ఒకదాని ప్రక్కన ఒకటి ఉంచుటచేత రెండును బాగుగా బోధపడును. ఒకమారు ఇచ్చిన తీర్పు తుదితీర్పు కాదు. పాఠ్యప్రణాళికలను కూర్చు మనకును ఇవి వర్తింపకపోవు. ప్రతి ప్రణాళికయు ఒక చిత్రశాల వంటిదే. అందు ద్వారముపైన ఎత్తున వ్రేలాడదీసిన కృతులెవ్వియో అప్పుడప్పుడు తలయెత్తి చూచుట అధ్యాపకుల ధర్మము, పరిశోధకుల పని.