సువార్తయా, హితవా?

క్రైస్తవుల సందేశమునకు తెలుగు బైబిలులో ‘సువార్త’ యని పేరు. గ్రీకు మూలపదమునకు ఇది చక్కని అనువాదము. రెంటికిని మంచి వార్త యనియే యర్థము. వార్తకును సలహాకును గల భేదము రేడియో శ్రోతలకు వేరుగ చెప్పనక్కరలేదు. పైరుకు పురుగు పట్టకుండ నేమి చేయవలెనో చెప్పునది సలహా. యుద్ధము ముగిసినదని చెప్పునది వార్త. మొదటిదానిని విని మనమేదో చేయవలెను. రెండవది మన ప్రమేయము లేకయే జరిగిపోయినది. క్రీస్తు సిలువపై మరణించి తిరిగి లేచెననియు, అందువలన పాపులకు క్షమాపణ కలిగెననియు అపొస్తలులు చాటినది ఈ రెండవ తెగకు చెందిన మాట. 20వ శతాబ్దమున అమెరికాలోని కొన్ని గొప్ప చర్చిలలో ఈ వార్త మెల్లమెల్లగా సలహాగా మారినది. అది యెట్లు జరిగెనో చూతము.

ఈ మార్పు కపటమువలన రాలేదు. చాలవరకు కనికరమువలన వచ్చినది. 1928లో న్యూయార్కు బోధకుడు హారీ ఎమర్సన్ ఫాస్డిక్, ప్రసంగములలోని లోపమేమి యని ప్రశ్నించుచు ‘హార్పర్స్’ పత్రికలో నొక వ్యాసము వ్రాసెను. యెబూసీయుల గతి యేమాయెనో తెలిసికొను ఆరాటముతో నెవరును గుడికి రారని అందులో చమత్కరించెను. వినువాని బ్రతుకులోని చిక్కునుండియే ప్రసంగము మొదలు కావలెనని ఆయన వాదము. రాక్‌ఫెల్లరు ధనసహాయముతో కట్టిన రివర్‌సైడ్ చర్చి 1930లో తెరువబడి, ఆయనకు విశాలమైన వేదికయైనది. రేడియో తోడైనది. గుడిలో కూర్చున్నవాడు విసుగు పుట్టినను మర్యాదకైన కూర్చుండును. ఇంట రేడియో వినువాడు మీట త్రిప్పును. అట్టివానిని నిలుపుకొనవలెనన్న వాని కష్టమునుగూర్చియే మాటాడవలెను గదా!

ఆ చర్చికి ఎదురుగ యూనియన్ దైవశాస్త్ర కళాశాల కలదు. 1930లో డీట్రిక్ బాన్‌హోఫర్ అను 24 ఏండ్ల జర్మను యువకుడు అచట చదువ వచ్చెను. న్యూయార్కులో అన్ని విషయములను గూర్చియు ప్రసంగములు వినవచ్చునుగాని, సిలువ, పాపము, క్షమాపణ యనువానిని గూర్చి వినుట మాత్రము అరుదని అతడు తన నివేదికలో వ్రాసెను. సువార్త యతనికి వినబడినది హార్లెములోని నీగ్రోల అబిస్సీనియన్ బాప్టిస్టు చర్చిలో. అవమానమును పేదరికమును దినదినము చవిచూచువారికి ఆ వార్త అవసరమైనదేమో! స్వదేశమునకు మరలిన బాన్‌హోఫరు హిట్లరు నెదిరించి, 1945 ఏప్రిల్‌లో ఉరికంబమెక్కెను.

ఇక నార్మన్ విన్సెంట్ పీల్ కథ. 1628 నాటి సంఘమునకు వారసమైన మార్బుల్ కాలేజియేట్ చర్చికి ఆయన 1932లో కాపరిగ వచ్చెను. అది ఆర్థికమాంద్యము ముదిరిన కాలము. నిన్నటిదాక కార్లలో తిరిగిన వర్తకులు నేడు నిద్రపట్టక ఆయన గది వాకిట నిలుచుచుండిరి. వారికేమి చెప్పవలెనో తోపక పీల్ స్మైలీ బ్లాంటన్ అను మనోవైద్యుని సాయము కోరెను. ఇట్లు చర్చి యాశ్రయమున మానసిక చికిత్సాలయము వెలసెను. 1935లో ఆయన ‘జీవన కళ’ యను పేరిట రేడియో ప్రసంగములు ప్రారంభించెను. అవి దశాబ్దములు సాగినవి. 1952లో వెలువడిన ‘ది పవర్ ఆఫ్ పాజిటివ్ థింకింగ్’ 186 వారములు న్యూయార్క్ టైమ్స్ జాబితాలో నిలిచెను. నిరాశను మదిలోనికి రానీయకుము, విజయమును మనసున చిత్రించుకొనుము, ధైర్యమిచ్చు బైబిలు వాక్యములను పలుమార్లు వల్లించుము — ఇదియే అందలి సారము. సిలువను పీల్ కాదనలేదు. అది వెనుక వరుసకు జరిగినది, అంతియే.

నిద్రపట్టని దుకాణదారునికి నిద్ర పట్టినచో దానిని చూచి నవ్వుట మాకు తగదు. అయినను యూనియన్ కళాశాలలోని రైన్‌హోల్డ్ నీబూరు వంటి పండితులు తీవ్రముగ నాక్షేపించిరి. ఈ బోధ మానవుని స్వార్థమును శంకింపక, దానినే భక్తిగ దిద్దుచున్నదని వారి నింద. మాకు ఇంతకంటె బరువుగ తోచు ప్రశ్న వేరొకటి కలదు. సలహా ఫలింపనిచో దోషమెవరిది? వినినవానిదే. వాడు సరిగ తలంపలేదు, సరిగ నమ్మలేదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి, చేసిన ద్రోహము రాత్రులు వెంటాడు మనిషికి, అచట చెప్పుటకు మాట మిగులదు. వార్తయైనచో ఓడినవానికే ముందు చెప్పవచ్చును.

పీల్ బాటనే నడచినవాడు రాబర్ట్ షుల్లరు. 1955లో కాలిఫోర్నియాలో కార్లలో కూర్చుండియే సినిమా చూచు ఆవరణమును అద్దెకు తీసికొని, చిరుతిండి కొట్టు కప్పుపై నిలిచి బోధించెను. 1957లో పీల్ స్వయముగ అచటికి వచ్చి మాటాడెను. 1970లో టెలివిజన్, 1980లో పదివేలకు మించిన గాజుపలకలతో ‘క్రిస్టల్ కెథీడ్రల్’ వచ్చినవి. 1982లో షుల్లరు ఒక గ్రంథము వ్రాసి, ఆత్మగౌరవమే కొత్త మతసంస్కరణకు మూలమనియు, దానిని కోల్పోవుటయే పాపమనియు వాదించెను. లూథరు విన్నచో ఏమనియుండునో! 2010లో ఆ సంస్థ దివాలా ప్రకటించెను. 2012లో కట్టడము కాథలిక్కుల చేతికి వచ్చెను. మరమ్మతులు ముగిసి, 2019లో అది వారి కెథీడ్రలుగా ప్రతిష్ఠింపబడెను.

ఈ తగవు నేటికిని చల్లారలేదు. టెక్సాసులోని హ్యూస్టనులో 2005లో లేక్‌వుడ్ చర్చి, బాస్కెట్‌బాల్ పోటీలు జరిగిన మహా ప్రాంగణమునకు మారినది. ఆ యేటనే దాని కాపరి జోయెల్ ఆస్టీను ఒక టెలివిజన్ సంభాషణలో ‘పాపులు’ అను మాట తాను వాడనని చెప్పెను. క్రీస్తును గూర్చిన ప్రశ్నలకు తడబడెను. అభ్యంతరములు వెల్లువెత్తినవి. అవి నాస్తికులనుండి కాక, క్రైస్తవులనుండియే వచ్చినవి. కొలది దినములకు ఆయన, తన విశ్వాసమును స్పష్టముగ చెప్పలేకపోతినని క్షమాపణ కోరుచు ఒక లేఖ ప్రకటించెను.