బెంగుళూరు ఊరికే పెరగలేదు

ఉగాది నాడు మన సంఘములో నలుగురు కలిసినప్పుడు పెద్దల మాటలు ఎటు తిరిగినా చివరకు పిల్లల ఉద్యోగముల దగ్గరకే వచ్చి ఆగుతవి. ఒకరి మనుమరాలు వైట్‌ఫీల్డులో పని చేస్తున్నది, ఇంకొకరి అల్లుడు ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్నాడు. "ఇన్ని కంపెనీలు ఈ ఊరికే ఎందుకు వచ్చినవి?" అని ఏ కుర్రవాడైనా అడిగితే, "ఇక్కడి గాలి చల్లన నాయనా" అని తేలికగా చెప్పి ఊరుకుంటాము. చల్లని గాలికే కంపెనీలు వచ్చేటట్లయితే మన మదనపల్లెకు, హార్సిలీ కొండకు ఎన్నడో వచ్చి ఉండవలసినది. గాలి ఒక సౌకర్యము మాత్రమే. అసలు కారణము నూరేండ్లకు పైబడిన కథ. అందులో మనవారి పాలు కూడ కొంత ఉన్నది. దానిని ఈ సంచికలో క్లుప్తముగా చెప్పుకొనుట సముచితమని తలచినాము.

ఈ కథలో ముందు వచ్చినది ఫ్యాక్టరీ కాదు, బడి. శాస్త్రపరిశోధనకు మన దేశములో ఒక ఉన్నత విద్యాలయము ఉండవలెనని సంకల్పించినవారు జంషెడ్జీ టాటా. అందుకు తగిన చోటు వెదకుటకు ఇంగ్లండు నుండి వచ్చిన విలియం రామ్సే అను రసాయన శాస్త్రవేత్త బెంగుళూరును సూచించినాడు. మైసూరు సంస్థానము 371 ఎకరముల భూమిని ఉచితముగా ఇచ్చినది. టాటా 1904లో కన్నుమూసినారు. తాను తలచిన విద్యాలయమును ఆయన చూడలేదు. 1909లో అది స్థాపితమైనది, 1911లో విద్యార్థులు చేరినారు. దానినే మన పెద్దలు నేటికీ "టాటా ఇన్‌స్టిట్యూట్" అంటారు. అప్పటికి ఈ ఊరిలో ఆ చదువుకు తగిన కొలువులు దాదాపు లేవు. ఆ చదువు కోరే పెద్ద ఫ్యాక్టరీలు రావడానికి ఇంకను ముప్పది ఏండ్లు పట్టినది. ఫలము ఎవరు తింటారో తెలియకుండ చెట్టు నాటినవారు వారు.

కరెంటు కూడ అటువంటి ముందుచూపుతోనే వచ్చినది. కావేరి మీద శివనసముద్రము దగ్గర పుట్టించిన విద్యుత్తు 1902లో కోలారు బంగారు గనులకు చేరినది. ఆ గనులలో దిగి రాతిని పగులగొట్టినవారిలో తెలుగువారు, తమిళులు వేలకొలది ఉండిరి. 1905లో అదే విద్యుత్తుతో బెంగుళూరు వీధులలో దీపములు వెలిగినవి.

అటుపిమ్మట 1912 నుండి 1918 వరకు దివానుగా ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని తలచుకొనక తప్పదు. పుట్టినది ముద్దేనహళ్లిలో, ఇంటిపేరు మాత్రము ఆంధ్రదేశములోని మోక్షగుండము అను గ్రామమునుండి వెంట వచ్చినది. పూర్వులు వలస వచ్చిన కుటుంబము గనుక ఆయనను మనవాడని చెప్పుకొని మురిసిపోతాము. కాని ఆయన పని చేసినది మైసూరు కొరకు. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము, 1917లో బెంగుళూరులో ఇంజనీరింగు కాలేజి ఆయన హయాములో వెలిసినవే. అప్పు ఇచ్చే బ్యాంకు, చదువు చెప్పే కాలేజి, యంత్రము తిప్పే కరెంటు ఒకే చోట కూడినవి. పునాది అంటే ఇది.

ఆ పునాది మీద మొదటి పెద్ద గోడ 1940లో లేచినది. వాల్‌చంద్ హీరాచంద్ అను పారిశ్రామికుడు మైసూరు ప్రభుత్వముతో కలిసి ఇక్కడ విమానముల ఫ్యాక్టరీ పెట్టినాడు. రెండేండ్లకు, అనగా 1942లో, టాటా ఇన్‌స్టిట్యూటులో విమాన శాస్త్రపు శాఖ తెరచినారు. అక్కడ పాఠము చెప్పిన ఘాట్గే అను ఆచార్యుడే తరువాత ఫ్యాక్టరీకి వచ్చి విమానముల నమూనా గీసినాడు. ఆ విధముగా మన దేశములో రూపొందిన హెచ్.టి.-2 శిక్షణ విమానము 1951లో గాలిలోకి లేచినది. బడికి, ఫ్యాక్టరీకి నడుమ గోడ లేకపోవుట ఈ ఊరి మొదటి రహస్యము.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948లో టెలిఫోనుల ఫ్యాక్టరీ, 1953లో హెచ్.ఎం.టి., 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ వరుసగా వచ్చినవి. మన కుటుంబములలో చాలమంది పెద్దలు రేకు పెట్టెతో, ఒక పరుపుచుట్టతో ఈ ఊరిలో దిగినది ఆ రోజులలోనే. ఆ ఫ్యాక్టరీలు ఫోనులు, లేతు మిషనులు, రేడియోలు చేసినవని అందరికి తెలుసును. అంతకంటె విలువైన సరుకు ఇంకొకటి చేసినవి: పని తెలిసిన మనిషిని. అప్రెంటిసుగా చేరిన కుర్రవానికి ముందు ఆకురాయి చేతికిచ్చి, ఇనుప ముక్కను చదును చేయుమనేవారు. తల వెంట్రుకలో సగము తేడా వచ్చినా ముక్క పక్కకు పోవలసినదే. ఆ క్రమశిక్షణ నేర్చిన చేతులు తరువాత పీణ్యాలోను, ఇతర పేటలలోను చిన్న చిన్న షెడ్లు పెట్టుకొన్నవి.

పనివాడు ఒక చోట నేర్చి ఇంకొక చోటికి పోవుటను ద్రోహమని తిట్టేవారు ఉన్నారు. చరిత్ర వేరుగా చెబుతున్నది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రములోని సిలికాన్ లోయ సంగతి చూడండి. 1957లో షాక్లీ అను శాస్త్రవేత్త కంపెనీని ఎనమండుగురు ఒక్కసారిగా వదలి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ స్థాపించినారు. వారిలో ఇద్దరు, నాయిస్, మూర్ అనువారు, 1968లో దానినీ వదలి ఇంటెల్ పెట్టినారు. ఉద్యోగము మానినవాడు పోటీ వ్యాపారము చేయరాదను ఒప్పందము ఆ రాష్ట్రములో సాధారణముగా చెల్లదు. ఆ నియమము మొదట 1872 నాటి వారి సివిల్ కోడులో చేరినది. విచిత్రమేమనగా, మన కాంట్రాక్టు చట్టము కూడ 1872 నాటిదే. మనిషిని న్యాయమైన వృత్తి చేయకుండ ఆపే ఒప్పందము ఆ మేరకు చెల్లదని దాని 27వ సెక్షను చెబుతున్నది. ఆ సెక్షనుకు ఆధారము కూడ ఫీల్డ్ అను అమెరికా న్యాయవాది చిత్తుప్రతియే. విద్య కంపెనీది కాదు, నేర్చినవానిది అని రెండు చోట్లను చట్టము ఒప్పుకొన్నది.

ఈ చలనము బెంగుళూరులో కంటికి కనిపిస్తుంది. 1981లో ఏడుగురు ఇంజనీర్లు తాము చేస్తున్న కొలువు వదలి, పది వేల రూపాయల పెట్టుబడితో పుణెలో ఇన్ఫోసిస్ ప్రారంభించినారు. 1983లో ఇక్కడికి తరలి వచ్చినారు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను అమెరికా కంపెనీ ఇక్కడ కేంద్రము తెరచి, ఉపగ్రహము ద్వారా తన దేశముతో తీగ లేకుండ పని నడిపినది. ఇక్కడ కూర్చుండి అక్కడి పని చేయవచ్చునని లోకము నమ్మినది అప్పుడే. ఇన్ఫోసిస్ 1994లో ఉద్యోగులకు కంపెనీ వాటాలు ఇచ్చే ఏర్పాటు చేసినది. జీతగాడు భాగస్తుడైతే పని తీరే మారిపోతుంది. 2007లో అమెజానులో పని చేసి వచ్చిన ఇద్దరు యువకులు కోరమంగలలో ఫ్లిప్‌కార్ట్ పెట్టినారు. అందులో పని చేసినవారే 2015లో ఫోన్‌పే పెట్టినారు. ఒక దీపముతో ఇంకొక దీపము వెలిగించినట్లు సాగినది.

చదువు, చలనము ఉన్నా చాలదు. ఓటమిని భరించే పెద్దమనసు కావలెను. టాటా ఇన్‌స్టిట్యూటుకు అధిపతిగా ఉన్న సతీశ్ ధావన్‌గారిని 1972లో అంతరిక్ష సంస్థకు పెద్దగా పిలిచినప్పుడు, తాను ఇన్‌స్టిట్యూటును వదలననియు, సంస్థ ముఖ్య కార్యాలయము బెంగుళూరులోనే ఉండవలెననియు కోరినారు. ప్రభుత్వము అంగీకరించినది. 1979 ఆగస్టు 10న మన పులికాటు ఒడ్డున శ్రీహరికోటనుండి లేచిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు బంగాళాఖాతములో పడిపోయినది. ఆ పనికి నాయకుడు అబ్దుల్ కలాం. పత్రికలవారి ఎదుట నిలిచి బాధ్యత తన మీద వేసుకొన్నది మాత్రము ధావన్. మరుసటి ఏడు జూలై 18న రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. ఆనాడు విలేఖరులతో మాట్లాడుమని ధావన్ కలామునే ముందుకు పంపినారు. ఈ సంగతిని కలామే పలుమార్లు చెప్పినారు. పెద్దవాడు నింద తీసుకొని కీర్తిని పంచితే, కింది వాడు రెండవసారి ప్రయత్నించడానికి భయపడడు. వేపపువ్వు లేని ఉగాది పచ్చడి వంటిది ఓటమి లేని ప్రయత్నము. అది తియ్యగా ఉండవచ్చును, కాని పచ్చడి కాదు.

అదే ఊరు, అదే గాలి, అదే చదువు ఉన్నా కొన్ని సంస్థలు నిలువలేదు. ఒకనాడు పెండ్లికొడుకు చేతికి హెచ్.ఎం.టి. గడియారము లేకపోతే మామగారికి చిన్నతనము. బ్యాటరీ గడియారములను ఆ సంస్థ తానూ తెచ్చినది గాని, తాళపు గడియారములనే ఎక్కువగా నమ్ముకొన్నది. 1984లో పుట్టిన టైటాన్, మన తెలుగు మాట ఎక్కువగా వినిపించే హోసూరులో ఫ్యాక్టరీ పెట్టి, బ్యాటరీ గడియారములనే పట్టుకొని ముందుకు పోయినది. 2016లో హెచ్.ఎం.టి. గడియారముల కంపెనీని మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము నిశ్చయించినది. అక్కడి పనివారి నేర్పులో లోటు లేదు. మార్పును విన్నవించే కింది వాని మాట పైదాకా పోయే దారి ఉండవలెను. అది మూసుకుపోతే ఎంతటి పేరైనా ఆదుకోదు.

ఈ కథ మనకెందుకంటే, ఈ చెట్టు నీడన మనము రెండు మూడు తరములుగా బ్రదుకుతున్నాము. ఆ 371 ఎకరములు ఇచ్చినది ఈ నేల. ఆ దీపములు వెలిగించినది ఈ కావేరి. భాష రాని మన పెద్దలకు ఇల్లు అద్దెకిచ్చి, పని చెప్పి, పక్కన కూర్చుండబెట్టుకొని ముద్ద పెట్టినది కన్నడ సోదరులు. 2024 వేసవిలో బోర్లు ఎండి, ట్యాంకరు కొరకు వీధులలో బిందెలతో నిలిచినప్పుడు ఈ ఊరు ఎంత అలసినదో అందరము చూచినాము. జీతము తీసుకొని నీరు వాడుకొని, ఊరిని సత్రము వలె చూచి పోయేవారితో ఏ పట్టణమూ నిలువదు.

కనుక పిల్లలు "ఈ ఊరికే ఎందుకు?" అని ఇక ముందు అడిగితే గాలి సంగతి చెప్పవద్దు. ఎవరో తినబోయే ఫలము కొరకు నాటినవారు ఉండిరని చెప్పుదము. ఇంట తెలుగు, వీధిలో కన్నడము రెండును నేర్పుదము. మన సంఘమునుండి ఏటా ఒక్క పేద విద్యార్థికి, అతడు తెలుగువాడైనా కన్నడిగుడైనా, చదువు చెప్పించగలిగితే మన వంతు మొక్క మనమూ నాటినట్లే. కొత్త సంవత్సరము అందరికి శుభము కలిగించుగాక.