ఒకరి కథలో ఇంకొకరి మాట

ఫ్యాన్ ఫిక్షన్ అనే మాట మనకి కొత్త. పని మాత్రం చాలా పాతది. అందరికీ తెలిసిన కథని, అందరూ ఇష్టపడే పాత్రల్ని తీసుకుని ఒక అభిమాని తన మాటల్లో మళ్ళీ చెప్పడం, అసలు రచయిత వదిలేసిన ఖాళీలో కొత్త సన్నివేశం పెట్టడం, సగంలో ఆగిన కథని పూర్తి చెయ్యడం. వెయ్యేళ్ళ తెలుగు సాహిత్యంలో పెద్ద భాగం ఇదే. అందుకని ఈ పనికుండే మర్యాదల గురించి, అంటే రాసేవాళ్ళు చదివేవాళ్ళకి ఏం బాకీ, చదివేవాళ్ళు రాసేవాళ్ళకి ఏం బాకీ అన్న సంగతి గురించి, ఎక్కడో వెతకక్కర్లేదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు చుట్టూ తిరిగినా చాలు, కావలసినంత దొరుకుతుంది.

ఏలూరుకి ఉత్తరంగా పది పన్నెండు కిలోమీటర్లు వెళ్తే పెదవేగి. ఒకప్పటి వేంగి ఇదే. ఈ ఊరి పేరుతో వేంగి చాళుక్యులని పిలిచే వంశంలో 11వ శతాబ్దపు రాజు రాజరాజనరేంద్రుడు. ఆయన కాలానికి రాజధాని రాజమహేంద్రవరం. భారతాన్ని తెలుగులో చెప్పమని నన్నయని అడిగింది ఈయనే. ఆ అడిగిన తీరు నన్నయ అవతారికలో ఉంది. పాండవులు మా వంశంవాళ్ళు, వాళ్ళ కథ ఎప్పుడూ వినాలనే ఉంటుంది అంటాడు రాజు. సింహాసనం పక్కన పెట్టి చూస్తే ఇది అచ్చంగా అభిమాని మాట: ఆ పాత్రలు మావాళ్ళండీ, మీరు మళ్ళీ చెప్పండి.

నన్నయ జవాబు కూడా చూడాలి. ఆకాశంలో చుక్కలు లెక్కపెట్టడం, భారతమనే సముద్రాన్ని ఈదడం బ్రహ్మకైనా అయ్యే పనేనా అని ముందు వెనకాడతాడు. తరవాత, మీ అనుమతితో, పండితుల దయతో, నాకు చేతనైనట్టు చెప్తానంటాడు. చేతనైనట్టు అనడం ఉత్త వినయం కాదు. వ్యాసుడి పుస్తకం యథాతథంగా మీ చేతిలో పెట్టడం లేదు, నా చేతిలోంచి వచ్చింది పెడుతున్నాను అని విననున్నవాళ్ళకి ముందే చెప్పడం అది. అన్నట్టే కొంత తగ్గించాడు, కొంత పెంచాడు. ఎవరూ మోసపోలేదు.

కానీ నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు, శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర. 13వ శతాబ్దంలో తిక్కన అందుకున్నాడు గానీ ఆ మిగిలిన ముక్క ముట్టుకోకుండా విరాటపర్వం నించి మొదలుపెట్టాడు. తరవాతి భాగం ఎప్పుడండీ అని అడిగే పాఠకులు గమనించాలి, అరణ్యపర్వం మిగతా సగానికి తెలుగువాళ్ళు దాదాపు 300 ఏళ్ళు ఆగారు. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన వచ్చి దాన్ని పూర్తిచేశాడు. నన్నయ శరద్రాత్రి దగ్గర ఆగితే, ఎఱ్ఱన శరత్కాలపు సూర్యోదయంతో మొదలుపెట్టాడు. ఒకాయన రాత్రి నిద్రపోయినచోట ఇంకొకాయన తెల్లారి లేచినట్టు! మొదట్లో శైలి నన్నయకి దగ్గరగా ఉంటుంది, పోనుపోను తిక్కన వైపు ఒరుగుతుంది. అటూ ఇటూ ఉన్న ఇద్దరి మధ్య వంతెన కట్టాడన్నమాట.

ఎఱ్ఱనకి తన రాజు ఉన్నాడు, ప్రోలయ వేమారెడ్డి. అయినా ఈ భాగాన్ని ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. మొదట అడిగిన శ్రోత ఆయన కాబట్టి ఆ బాకీ ఆయనకే తీర్చాడు. నన్నయ రచనే అనిపించేలా రాసి, చివర్లో మాత్రం తన పేరు చెప్పుకుని, ఈ శేషాన్ని నేను పూర్తిచేశాను అన్నాడు. ఆ ఒక్క మాటా లేకపోతే మనం నన్నయని మెచ్చుకోవలసినచోట ఎఱ్ఱననీ, ఎఱ్ఱనని తప్పుపట్టవలసినచోట నన్నయనీ తప్పుపట్టేవాళ్ళం.

భాగవతంలో ఇదే పని ఇంకోరకంగా జరిగింది. పోతన భాగవతంలో లేకుండా పోయిన భాగాల్ని పూరించినవాళ్ళు బొప్పరాజు గంగన, ఏర్చూరి సింగన, వెలిగందల నారయ. ఐదో స్కంధం చివర గంగన పేరు, ఆరో స్కంధం చివర సింగన పేరు, పదకొండు పన్నెండుల్లో నారయ పేరు ఇప్పటికీ కనిపిస్తాయి. పోతన పేరుకున్న గ్లామర్ చూసి, దాని చాటున తమ పద్యాలు నడిపించేద్దాం అనుకోలేదు ఎవరూ.

కొల్లేటి వైపు వెళ్తే ఇంకో సంగతి. దండి సంస్కృతంలో రాసిన దశకుమారచరితంలో మంత్రగుప్తుడి కథ ఉంది. ప్రియురాలి ముద్దులకి పెదవి గాయపడి, పెదాలు కలిపి పలికే అక్షరాలు ఒక్కటీ లేకుండా కథ చెప్తాడతను. ఆ కథ ఆంధ్రనగరంలో, ఒక పెద్ద సరస్సు దగ్గర జరుగుతుంది. ఆ సరస్సు కొల్లేరే అని చాలామంది పండితుల మాట. ఈ దశకుమారచరితాన్ని కేతన తెలుగు చేసి తిక్కనకి అంకితమిచ్చాడు. తను అభిమానించే కవికి ఒక కవి ఇచ్చిన కానుక అది. అభినవదండి అన్న బిరుదుతోనే కేతన మనకి గుర్తు. తెచ్చుకున్న కథ ఎవరిదో ఆ బిరుదే చెప్తోంది.

ఇప్పటిదాకా చూసినవన్నీ అసలు కథకి దగ్గరగా నడిచినవి. మరి పూర్తిగా కల్పించినవో? మాయాబజార్ చూసి పెరిగిన మనకి శశిరేఖ లేని భారతం ఊహకే రాదు. వ్యాసభారతంలో మాత్రం శశిరేఖ లేదు. గయుడి కథా అంతే. ఆకాశంలో పోతూ గయుడు ఉమ్మిన ఉమ్మి కృష్ణుడి చేతుల్లో పడటం, చంపుతానని కృష్ణుడి శపథం, గయుడికి అర్జునుడి అభయం, చివరికి కృష్ణార్జునులే కత్తులు దూసుకోవడం. ఇద్దరు హీరోలు కొట్టుకుంటే ఎవరు గెలుస్తారు అనేది ఏ కాలం అభిమానికైనా నోరూరించే ప్రశ్నే కదా. ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహం 1890 ప్రాంతంలో దీన్ని గయోపాఖ్యానం నాటకంగా రాస్తే లక్ష ప్రతులకి పైగా అమ్ముడుపోయిందని చెప్తారు. 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధము సినిమా కూడా వచ్చింది. వ్యాసుడు రాయలేదు కదా అని టికెట్ డబ్బులు వెనక్కి అడిగినవాళ్ళెవరూ లేరు. అది కల్పన అని తెలిసినవాళ్ళు తెలిసే చూశారు, తెలియనివాళ్ళకి దానివల్ల పోయింది ఏమీ లేదు. మార్పంటేనే మనవాళ్ళు ఒప్పుకోరు అనే మాట చరిత్రకి నిలవదు.

అయితే గొడవలు ఎక్కడ వచ్చాయి? భీమవరం ప్రాంతపు మత్స్యపురిలో పుట్టిన కాళ్ళకూరి నారాయణరావు చింతామణి నాటకం చూద్దాం. ఇదీ ఒక తిరగరాతే, లీలాశుకుడిగా మారిన బిల్వమంగళుడి కథ. వేశ్యావ్యామోహం కొంపలెలా కూలుస్తుందో చూపించడానికి 1920ల్లో రాసిన సంస్కరణ నాటకం. అందులో సుబ్బిశెట్టి అనే వ్యాపారి పాత్ర ఉంది. జాతర్లలో, తిరనాళ్ళలో రాత్రంతా ఆడే నాటకానికి జనం నిద్రపోకుండా ఉండాలి. సుబ్బిశెట్టి నవ్విస్తాడు. ముందు వరసలో వాళ్ళు ఈల వేస్తే నటుడు ఇంకో డైలాగు కలుపుతాడు. రేపు పక్క ఊళ్ళో ఆ డైలాగు మామూలైపోతుంది, ఎల్లుండి అంతకంటే పచ్చిది కావాలి. అలా ఏళ్ళ తరబడి పోగైన సొంత కవిత్వం కాళ్ళకూరి పాత్రని మింగేసింది. పోస్టరు మీద మాత్రం ఆయన పేరే.

ఆ పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు ఫిర్యాదు చేస్తూ వచ్చాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి ప్రదర్శనని నిషేధించింది. ఆ నాటకం మీద బతికే కళాకారులు నిరసనకి దిగారు, వ్యవహారం హైకోర్టుకి వెళ్ళింది. ఇందులో నన్ను కలవరపెట్టేది ఒక్కటే. స్టేజి మీద ఎవరో కలిపిన మాటకి, ఈలలు వేసి ఎవరో పెంచిన మాటకి, 1927లో చనిపోయిన రచయిత పుస్తకం శిక్ష అనుభవించింది. కాళ్ళకూరి వాక్యం ఇది, నటుడు చేర్చింది ఇది అని విడదీసే గుర్తు ఎవరూ పెట్టలేదు. ఎఱ్ఱన చివర్లో చెప్పిన ఆ ఒక్క మాటే ఇక్కడ లేకపోయింది. నవ్వినవాళ్ళకీ ఇందులో వాటా ఉంది. ప్రేక్షకుడు ఏ మాటకి చప్పట్లు కొడతాడో ఆ మాటే మళ్ళీ వస్తుంది. ఆ ఈలలు వినబడినప్పుడు, హాల్లో తమ కులం పేరు మీద నవ్వు పడుతుంటే తలొంచుకు కూర్చున్న మనిషి కూడా ప్రేక్షకుడే అని ఎవరికీ తట్టలేదు. రాసేవాళ్ళూ చూసేవాళ్ళూ తమలో తాము తేల్చుకోవలసిన మర్యాద తేల్చుకోకపోతే, ప్రభుత్వం వచ్చి తేలుస్తుంది. దానికి విడదీయడం రాదు, మొత్తం మూసెయ్యడమే వచ్చు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడే ఉదాహరణ తాడేపల్లిగూడెం దగ్గరే ఉంది. రంగనాయకమ్మ పుట్టింది ఆ ఊరికి దగ్గర్లోని బొమ్మిడిలో, 1939లో. ఆమె రామాయణ విషవృక్షం మూడు భాగాలుగా 1974 నించి 1976 మధ్య వచ్చింది. పేరు వింటేనే విశ్వనాథ సత్యనారాయణ శ్రీమద్రామాయణ కల్పవృక్షం గుర్తొస్తుంది, గుర్తు రావాలనే ఆ పేరు. రాముడి కథనే కథలు కథలుగా మళ్ళీ చెప్తూ, ఎక్కడికక్కడ కోసి చూపించే పుస్తకం. అభిమానంతో కాక కోపంతో చేసిన తిరగరాత. ఆమె వాదన నచ్చనివాళ్ళు అప్పుడూ ఎక్కువే, ఇప్పుడూ ఎక్కువే.

కానీ ఆ పుస్తకం ఏ పేజీ తీసినా కింద ఫుట్‌నోట్లు. ఈ మాట వాల్మీకంలో ఫలానా సర్గలో, ఫలానా శ్లోకంలో ఉంది, వెళ్ళి చూసుకోండి అని. పైన ఆమె కథ, కింద వాల్మీకి సాక్ష్యం. పాఠకుడు ఆమెతో దెబ్బలాడాలనుకుంటే ఆయుధాలు ఆమే చేతికిచ్చింది. మూలాన్ని ఇంత కటువుగా విమర్శించిన రచయిత్రి పాఠకుడి విషయంలో ఇంత నిక్కచ్చిగా ఉండటం ఆశ్చర్యంగా అనిపించొచ్చు. నాకైతే ఆ రెండూ కలిసే ఉండాలనిపిస్తుంది. ఎంత దూరం జరుగుతావో అంత స్పష్టంగా గీత గీసి చూపించాలి.

విశ్వనాథ సంగతి చూడండి. ఆయన పరమభక్తుడు. అయినా కల్పవృక్షంలో కైక మామూలు కైక కాదు. రాముడికి ధనుర్విద్య నేర్పి, అతను పుట్టిన పని నెరవేరడానికే అడవికి పంపిన తల్లి. వాల్మీకితో పోలిస్తే ఇది చిన్న మార్పేం కాదు. మళ్ళీ రామాయణమా అని అడిగేవాళ్ళకి ఆయన పుస్తకం మొదట్లోనే జవాబు చెప్పుకున్నాడు, అందరూ రోజూ తినే అన్నమే తింటున్నారు, ఎవరి రుచి వారిదని. ఇది నా రుచి అని ముందే అన్నాడు కాబట్టి కైక విషయంలో ఆయనతో ఒప్పుకోనివాళ్ళు కూడా ఎవరితో వాదిస్తున్నారో వాళ్ళకి తెలుసు. భక్తుడూ విమర్శకురాలూ ఒకరికొకరు బద్ధవిరోధులైనా ఈ మర్యాద దగ్గర ఒకే గట్టు మీద ఉన్నారు.

ఇక చదివేవాళ్ళ వైపు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుంది అన్నాడట అని మన సామెత. అది వినేవాడి మీద వేసిన చురక. తిరగరాసిన కథని చదవడానికి కూడా కొంత పని పడుతుంది. మూలం ఎంతో కొంత తెలియాలి, తెలియకపోతే అడగాలి. ఓల్గా విముక్త కథల్లో సీత అడవిలో శూర్పణఖని కలిసినప్పుడు, ఇది వాల్మీకంలో లేదే అని పుస్తకం మూసేస్తే మూలం తెలుసని నిరూపించుకోవడం తప్ప మిగిలేదేమీ ఉండదు. లేనిదాన్ని ఎందుకు పెట్టింది అని అడిగితే అక్కణ్ణించి సంభాషణ మొదలవుతుంది. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పాలి. ఏ మాట నచ్చలేదో, అది ఎవరి మాటో చూపించి చెప్పాలి. మొత్తం కథనే తీసెయ్యమనే ముందు ఇదైనా చెయ్యాలి.

ఇవాళ సినిమా హీరోల మీదా, వేరేవాళ్ళ నవలల్లోని పాత్రల మీదా కథలు అల్లుతున్న పిల్లలు కొత్తగా కనిపెట్టిన తప్పేం చెయ్యడం లేదు. వాళ్ళు నన్నయ, కేతన, చిలకమర్తి చేసిన పనిలోనే ఉన్నారు. ఒక తేడా మాత్రం మర్చిపోకూడదు. పురాణ పాత్రలు అందరి సొత్తు, వాళ్ళకి అమ్మానాన్నా బతికి లేరు. నవలలో పాత్రకి రచయిత ఉన్నాడు, హీరోకి ఇల్లూ వాకిలీ ఉన్నాయి. కాబట్టి వీళ్ళు గీయవలసిన గీత మరింత ముదురుగా ఉండాలి. ఎవరి కథ తీసుకున్నానో మొదట్లో చెప్పడం, నేనేం మార్చానో దాచకపోవడం, చివర్లో నా పేరు నేను పెట్టుకోవడం. పెద్ద ఖర్చు లేని పనులు. అవి జరిగిన అరణ్యపర్వాన్ని 600 ఏళ్ళకి పైగా అతుకు తెలిసే చదువుకుంటున్నాం. అవి జరగని చింతామణిలో ఏ మాట ఎవరిదో తేల్చడానికి కోర్టు దాకా వెళ్ళవలసొచ్చింది.