వర్తకుని జ్ఞాపకము: ఆవర్జా నుండి కంప్యూటరు వరకు

పదునేడవ శతాబ్దమున ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ చెన్నపట్టణము కేంద్రముగా వస్త్రవ్యాపారము సాగించిన దినములలో, దాని ప్రధాన వర్తకుడుగా ప్రసిద్ధి కెక్కినవాడు కాశీ వీరన్న అను తెలుగు కోమటి. ఆయన 1680లో కాలధర్మము నొందెను. కంపెనీకి ధనముండెను, ఓడలుండెను, కోట ఉండెను. కాని ఎవనికి బయానా ఇచ్చిన సరకు వేళకు చేరునో, ఎవని మాట నమ్మదగినదో అను ఎరుక వీరన్నవంటి వర్తకులయొద్దనే ఉండెను. అందుచేతనే కంపెనీ వారిపై ఆధారపడవలసి వచ్చెను. వర్తకములో మనుష్యులను గూర్చిన జ్ఞాపకము ఎవరి సొత్తు అను ప్రశ్న నాటినుండి నేటివరకు నిలిచియే యున్నది. ఖాతాదారులతోడి సంబంధమును నిర్వహించుటకై ఏర్పడి, నేడు సి.ఆర్.ఎం. అను పొడి అక్షరములతో పిలువబడుచున్న సాఫ్ట్‌వేర్ చరిత్ర, ఆ ప్రశ్నకు ఒకదానివెంట ఒకటిగా వచ్చిన సమాధానముల చరిత్రయే.

మన అంగళ్లలో చిట్టా, ఆవర్జా అను పుస్తకములుండెడివి. చిట్టాలో దినదినపు పద్దులు, ఆవర్జాలో ఒక్కొక్కరి ఖాతా వ్రాయుదురు. అందు బాకీ ఎంతయో తెలియును గాని బాకీదారు ఎట్టివాడో తెలియదు. ఎవరింట పెండ్లి రానున్నదో, ఎవరు పంట చేతికి వచ్చిన పిమ్మట గాని చెల్లింపజాలరో షావుకారు మనస్సునకే తెలియును. నమ్మకమైన గుమాస్తా వేరుగా అంగడి పెట్టుకొన్నచో, పుస్తకములు పాత అంగడిలోనే నిలిచినను, బేరములు ఆతని వెంట పోవును.

ఈ చిక్కు అమెరికాలోని పెద్ద వ్యాపార సంస్థలకును తప్పలేదు. అచ్చట 1950 దశకమున ఆర్నాల్డ్ న్యూస్టాటర్ సంస్థ రోలోడెక్స్ అను సాధనమును వెలువరించెను. ఇరుసుపై తిరుగు కార్డుల వరుస అది. ఒక్కొక్క కార్డుపై ఒక్కొక్కరి పేరు, చిరునామా, టెలిఫోను సంఖ్య. 1987లో ప్యాట్ సలివన్, మైక్ ముహ్నీ అనువారు టెక్సాస్ రాష్ట్రమున వెలువరించిన ‘యాక్ట్’ అను ప్రోగ్రాము అట్టి కార్డులపనిని కంప్యూటరునకు అప్పగించెను. అయినను జ్ఞాపకము ఇంకను అమ్మకపు ఉద్యోగి బల్లమీదనే ఉండెను. ఆతడు ఉద్యోగము మానినచో అదియు ఆతని వెంట పోగలదు.

1993లో టామ్ సీబెల్, పట్రీషియా హౌస్ కాలిఫోర్నియాలో సీబెల్ సిస్టమ్స్ సంస్థను స్థాపించుటతో ఈ స్థితి మారెను. ఒక ఖాతాదారుతో ఎవరు మాటలాడినను, ఏ ధర చెప్పినను, ఏ ఫిర్యాదు వచ్చినను, అంతయు ఒక్క దస్త్రమున చేరి, సంస్థలో సంబంధిత ఉద్యోగులందరికిని కనబడునట్లు ఏర్పాటు చేయబడెను. జ్ఞాపకము ఉద్యోగి చేతినుండి సంస్థ చేతికి మారినది. తమ ఎరుకయే తమ జీవనాధారమైన అమ్మకపు ఉద్యోగులకు దానిని దస్త్రమున కెక్కించుట సులభమైన పని కాదు. పైగా ఇట్టి సాఫ్ట్‌వేరును సంస్థలు తమ సొంత కంప్యూటర్లలో నెలకొల్పుకొనవలసి యుండుటచే వ్యయము మిక్కుటముగా నుండెను.

1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక అద్దెయింట మార్క్ బెనియాఫ్, పార్కర్ హారిస్ మున్నగువారు సేల్స్‌ఫోర్స్‌ను ఆరంభించిరి. సాఫ్ట్‌వేరును కొనవలదు, నెలసరి అద్దెకు ఇంటర్నెట్ ద్వారా వాడుకొనవచ్చునని వారి పద్ధతి. 2004లో ఆ సంస్థ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ప్రవేశించినపుడు ‘సి.ఆర్.ఎం.’ అను అక్షరములనే తన గుర్తుగా గ్రహించెను. 2006 జనవరి నాటికి సీబెల్ సంస్థ సుమారు 585 కోట్ల డాలర్లకు ఒరాకిల్ వశమాయెను. చిన్న వర్తకునకు సైతము ఈ సాధనము అందుబాటులోనికి వచ్చెను. కాని ఆతని ఖాతా పుస్తకము ఇప్పుడు పరుని భాండాగారమున ఉన్నది.

ఈ చరిత్ర పిమ్మట చెన్నపట్టణమునకే వచ్చి చేరెను. శ్రీధర్ వెంబు ప్రభృతులు 1996లో అడ్వెంట్‌నెట్ పేర ఆరంభించిన సంస్థ 2005లో జోహో సి.ఆర్.ఎం.ను వెలువరించి, 2009లో జోహో అనియే పేరు మార్చుకొనెను. 2010లో అదే నగరమున పుట్టిన ఫ్రెష్‌డెస్క్, ఫ్రెష్‌వర్క్స్ అను పేర 2021లో అమెరికా నాస్‌డాక్‌లో నమోదయ్యెను. వీరన్న వర్తకము చేసిన పట్టణముననే ప్రపంచ వర్తకుల జ్ఞాపకములను భద్రపరచు సాధనములు తయారగుట గమనింపదగిన విషయము.

ఇంతవరకు ఉద్యోగి, సంస్థ, అద్దెకిచ్చువాడు అను మువ్వురి హక్కులే చర్చకు వచ్చినవి. ఎవనిని గూర్చి ఈ దస్త్రమంతయు వ్రాయబడినదో ఆ ఖాతాదారు మాట ఏమి? 2023లో భారత పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఇందుకు కొంత సమాధాన మిచ్చినది. సమ్మతి గోరు విన్నపము స్పష్టమైన భాషలో ఉండవలెననియు, దానిని ఆంగ్లమున గాని రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని పొందు వీలుండవలెననియు అది విధించినది. ఆ షెడ్యూలున తెలుగు కలదు. ఈ వీలు రాష్ట్రపు ఎల్లలతో నిమిత్తము లేనిది. హోసూరులోని తెలుగువానికిని, బరంపురములోని తెలుగువానికిని, షోలాపురములోని తెలుగువానికిని సమానమే.

అయితే తెలుగున వచ్చిన విన్నపమును చదువుటకు తెలుగు లిపి రావలెను. ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో దానిని నేర్వక పెరిగిన బిడ్డకు చట్టమిచ్చిన ఈ వీలు కాగితముననే మిగిలిపోవును. తాతలు ఆవర్జా వ్రాసిన అక్షరములను మనుమలు చదువజాలనినాడు, తమ్ము గూర్చి ఇతరులు వ్రాసికొనిన ఖాతాకు వారు తెలియకయే సమ్మతించుచుందురు.